అన్నం తిన్నాక పది నిమిషాలు: మిర్చి యార్డు అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

సత్యనారాయణపురం,
విజయవాడ.

నాన్నా, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ బీపీ 150 దాటిందని, డాక్టరు గారు మాత్ర మొదలుపెట్టారని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో నిన్ను అడిగితే "ప్రాణాయామం కూడా చేస్తున్నాలే పెద్దమ్మా, అన్నం తిన్నాక కొట్లోనే ఐదు నిమిషాలు కపాలభాతి" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో చెబుదామంటే సగంలోనే లారీ వచ్చిందని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఆ కపాలభాతి ఆపెయ్. పొట్టను ఎగరేసి కొట్టే శ్వాసలు, కొలిమి తిత్తిలా గబగబా పీల్చి వదిలే భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం, ఇవేవీ నిండు కడుపుతో చేసేవి కావు. బీపీ ఉన్నవాడు పరగడుపున చేయాలన్నా డాక్టరును అడిగి, తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకునే చేయాలి. తిన్నాక నీకు కావలసింది నెమ్మదైన ఊపిరి, అంతే. ఏ బలమూ పెట్టక్కర్లేదు.

తిన్నాకే ఎందుకు అంటావేమో. మన రక్తనాళాల లోపలి గోడకు ఎండోథీలియం అనే పొర ఒకటి ఉంటుంది. ఉల్లిపొర కంటే పల్చన, ఒకే ఒక్క వరస కణాలు. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంటే నాళం బిగుసుకోకుండా విప్పారుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇక మన భోజనం సంగతి చూడు. తెల్లన్నం నిండుగా తిన్నాక రక్తంలో చక్కెర గంట అటూఇటూగా బాగా పెరుగుతుంది. నూనె, నెయ్యి తాలూకు కొవ్వు మూడు నాలుగు గంటల దాకా పెరుగుతూనే ఉంటుంది. ఆ వేళలో ఆ పొర పని మందగిస్తుంది, నాళం విప్పారవలసినంత విప్పారదు. దీన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది. ముంజేతికి బీపీ పట్టీ చుట్టి ఐదు నిమిషాలు బిగించి వదిలేస్తారు. రక్తం ఒక్కసారిగా పరుగెత్తినప్పుడు మోచేతి పైన ధమని ఎంత వెడల్పయిందో స్కానింగులో చూస్తారు. కొవ్వు దండిగా ఉన్న భోజనం చేసిన కొన్ని గంటల పాటు ఆ వెడల్పు తగ్గుతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది.

ఒక్క పూట భోజనంతో ఎవరికీ ఏమీ కాదు. కానీ నువ్వు రోజుకు మూడు పూటలు తింటావు, ఏళ్ల తరబడి తింటావు. అంటే నువ్వు మెలకువగా ఉన్నంత సేపూ నీ నాళాలు ఏదో ఒక భోజనం బరువు మోస్తూనే ఉంటాయి. దాని మీద టెన్షన్ ఒకటి. సీజన్లో మిర్చి బస్తాలు, అవే మీ టిక్కీలు, దిగుతుంటాయి, ధర తెగక ఇటు రైతు అటు వ్యాపారి నీ మీద పడుతుంటారు, నువ్వు గోంగూరలో నూనె తేలేలా కలుపుకుని నాలుగు ముద్దలు మింగి ఫోన్ మాట్లాడుతూనే లేస్తావు. టెన్షన్ కూడా నాళాలను బిగిస్తుంది, ఆ లోపలి పొర పనిని అదీ దెబ్బతీస్తుంది. భోజనం భారమూ టెన్షన్ భారమూ ఒకేసారి పడుతున్నాయన్నమాట. నెమ్మదైన ఊపిరి నూనెను కరిగించదు, ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకు. అది తగ్గించేది ఆ రెండో భారాన్ని. కొన్ని వారాలు విడవకుండా చేస్తే చాలామందికి బీపీ కొద్దిగా దిగుతుంది కూడా. కొద్దిగానే సుమా, మాత్ర మానేసేంత కాదు.

ఇప్పుడు ఎలా చేయాలో చెబుతాను. తిన్న వెంటనే వద్దు, ఒక పావుగంట ఆగు. యార్డులో అసలే వద్దు. ఆ మిరప ఘాటులో నిదానంగా ఊపిరి పీల్చడం ఎవరివల్లా కాదు, దగ్గు తప్ప ఏమీ రాదు. మధ్యాహ్నం గదికి వెళ్లి తిను. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో నిటారుగా కూర్చో. బెల్టు ఒక కన్నం వదులు చెయ్యి. పడుకోకు, ముందుకు వంగి ఫోన్ చూడకు, దాన్ని పక్క గదిలో పెట్టు. నోరు మూసి ముక్కుతోనే పీల్చు, మనసులో నాలుగు లెక్కపెడుతూ. ఆరు లెక్కపెడుతూ ముక్కుతోనే వదులు. మొత్తం పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. మామూలుగా మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై దాకా తీస్తాం. పది నిమిషాలు చాలు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నెమ్మదిగా అంటే గుండెల నిండా లాగడం అనుకుంటారు. కడుపు నిండి ఉన్నప్పుడు పొట్ట పైకి తన్నుతుంది, ఊపిరితిత్తుల కింద చోటు తక్కువ. బలవంతంగా లాగితే ఆయాసం, తేన్పులు. ఎక్కువ గాలి లాగి వదిలితే రక్తంలో బొగ్గుపులుసు గాలి, అదే కార్బన్ డయాక్సైడ్, పడిపోయి పెదాల చుట్టూ తిమ్మిరి, తల తేలిపోవడం. పక్కన కూర్చున్నవాడికి నీ ఊపిరి చప్పుడు వినపడకూడదు, అంత మెత్తగా ఉండాలి. ఆరు లెక్క అందకపోతే మూడు, ఐదు పెట్టుకో. తల తిరిగితే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకో.

ఒక పని చేసి చూడు. ఎడమ మణికట్టు మీద బొటనవేలి వైపు కుడిచేతి రెండు వేళ్లు ఆనించు. నాడి దొరికాక పైన చెప్పినట్టు ఊపిరి తీసుకో. పీల్చేటప్పుడు నాడి కాస్త త్వరపడుతుంది, వదిలేటప్పుడు నిదానిస్తుంది. వేగస్ అనే నరం గుండెకు కళ్లెం వేయడం అది, నీ వేలి కిందే తెలుస్తుంది. అందుకే వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలంటున్నాను. నేను వార్డులో పనిచేసినన్నాళ్లూ భయంతో నిద్రపట్టని పేషెంట్లకు ఇదే చూపించేదాన్ని. వాళ్ల చేతికే తెలిసేది కాబట్టి నేను ఎక్కువ చెప్పాల్సి వచ్చేది కాదు.

లెక్కపెట్టడం విసుగనిపిస్తే మీ అమ్మమ్మలా ఒక నామం పట్టుకో. ఇటలీలో డాక్టర్లు క్రైస్తవుల జపమాల ప్రార్థననూ బౌద్ధుల "ఓం మణి పద్మే హుం" మంత్రాన్నీ జపించేవాళ్ల శ్వాసను గమనించి 2001లో ప్రచురించారు. రెండింటిలోనూ అది నిమిషానికి ఆరుకే వచ్చింది. భ్రామరి చేస్తానంటే, నోరు మూసి సన్నగా ఝంకారం చేస్తూ వదలడం మంచిదే. అలా చేసినప్పుడు ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ చాలా రెట్లు పెరుగుతుందని స్వీడన్లో కొలిచారు. అది పనికొచ్చేది ముక్కుకూ ఊపిరితిత్తులకూ. ఒళ్లంతా పాకి రక్తనాళాలన్నీ బాగుచేస్తుందని మాత్రం అనుకోకు.

భోంచేశాక నడక దీనికన్నా మంచిది కాదా అని మీ నాన్న అడిగారట. చక్కెరకు నడకే మంచిది, ఆయన మాట నిజం. కానీ మే నెలలో గుంటూరు మిట్టమధ్యాహ్నపు ఎండలో తిన్నవాణ్ణి నడవమని నేను చెప్పలేను. మధ్యాహ్నం ఊపిరి, రాత్రి చల్లబడ్డాక వీధిలో పావుగంట నడక. మీ నాన్న కూడా ఇది చేస్తానంటే ఆయన లేచేటప్పుడు జాగ్రత్త. పెద్ద వయసులో తిన్నాక కొందరికి బీపీ పడిపోతుంది. కాళ్లు కదిపి, కుర్చీ పట్టుకుని నిదానంగా లేవమను.

అన్నం తిన్నాక సిగరెట్ ఒకటుంది నీకు, నాకు తెలుసు. ఆ ఒక్కటీ మానకుండా ఎన్ని శ్వాసలు లెక్కపెట్టినా నాకు తృప్తి లేదు నాన్నా. నాళాలు అసలే కష్టపడుతున్న వేళ నువ్వు పొగతో వాటిని ఇంకా బిగిస్తున్నావు. లేవగానే చెయ్యి అటే పోతుంది గనక సరిగ్గా ఆ పావుగంటే నీకు పరీక్ష. కాసిన్ని సోంపు గింజలు జేబులో పెట్టుకో.

ఇంకో మాట. తిన్నాక ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, చెమటలు, ఇవి వస్తే గ్యాస్ అనుకుని గోళీ సోడా తాగి కూర్చోవద్దు, ఈ ఊపిరి కసరత్తూ వద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి. మీ కొట్టు గుమస్తాలకు కూడా ఈ మాట చెప్పి ఉంచు.

బీపీ తిన్న వెంటనే చూసుకోకు. తిండి, కాఫీ అయ్యాక కనీసం అరగంట పోవాలి. పొద్దున మాత్ర వేసుకోకముందు, కాళ్లు నేల మీద ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూడు. రెండుసార్లు చూసి రెండూ రాసుకో. నెల రోజులు రాశాక ఆ పుస్తకం డాక్టరు గారికి చూపించు, మాత్ర తగ్గించాలో ఉంచాలో ఆయనే చెబుతారు. దసరాకు వచ్చేటప్పుడు నాకూ తెచ్చి చూపించు. అమ్మను అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ