స్మోకర్ కొనే ముందు బొగ్గు లెక్క చూడండి

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో చేస్తాను. చేతికి 48 వేలు వస్తాయి. ఇంటి లోన్‌కు 14,500, చిట్టీకి 5 వేలు పోతాయి. చిట్టీ లక్షది, 20 నెలలు. పాప కాలేజీ ఫీజు కోసం వేసిన. మూడు నెలలు కట్టిన. బ్యాంకులో 60 వేలు ఉన్నాయి. డాలస్‌లో ఉండే మా బావ పెరట్లో స్మోకర్ (మాంసాన్ని పొగలో మెల్లగా మగ్గబెట్టే పొయ్యి) మీద మటన్ చేసి వీడియో కాల్‌లో చూపిస్తుంటే నాకూ మనసైంది. మా ఇంటి వెనుక ఖాళీ జాగా ఉంది. పెల్లెట్ (కర్రపొట్టు గుళికల) స్మోకర్ ఒకటి చూసిన: ఒకేసారి కడితే 85 వేలు, నో కాస్ట్ ఈఎంఐ అయితే 92 వేలు, 12 నెలలు. గ్యాస్‌ది 24 వేలు. మా ఆవిడ అదే చాలంటోంది. వెల్డింగ్ షాపాయన డ్రమ్ముతో 8,500కు చేసిస్తానంటున్నాడు. బొగ్గు ఇక్కడ కిలో 45కు దొరుకుతుంది, పెల్లెట్లు తెప్పిస్తే కిలో 220 పడుతుంది. దసరాకు కావాలి. ఏది తీసుకోవాలి? చిట్టీ పాడాలా, ఈఎంఐ పెట్టాలా? తర్వాత ఆదివారాలు అమ్ముకోవచ్చని బావ అంటున్నాడు, నిజమేనా?

జవాబు: చిట్టీ పాడకండి, ఈఎంఐ పెట్టకండి. డ్రమ్ము చేయించుకోండి, అయితే షాపులో పడి ఉన్న ఏదో ఒక డ్రమ్ముతో కాదు. కారణాలు చెప్తాను. మీ ఆవిడ మాటలో కూడా పస ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఈఎంఐ. వడ్డీ లేదంటూనే 85 వేల వస్తువును 92 వేలకు ఇస్తున్నారు. నెలకు 7,667 చొప్పున పన్నెండు నెలలు కడితే, 85 వేల మీద ఏడాదికి దాదాపు 15 శాతం వడ్డీ కట్టినట్టు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే బిల్లులో వడ్డీ కింద చూపించిన మొత్తం మీద 18 శాతం జీఎస్‌టీ కూడా పడుతుంది. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని, ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజులో దాచి వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. పేరు మారింది, లెక్క మారలేదు. పైగా లోను, చిట్టీ పోగా మీ ఇంటికి మిగిలేది 28,500. అందులోంచి నెలకు 7,667 అంటే పావు వంతుకు పైనే. ఒక నెల ఎవరికైనా జ్వరమొస్తే ఆ కంతు దేంట్లోంచి కడతారు?

చిట్టీ సంగతి ఇంకా నష్టం. తొలి నెలల్లో పాట ఎప్పుడూ లోతుకే పోతుంది. నాలుగో నెలలో 28 వేలు తగ్గించి పాడారనుకుందాం. చేతికొచ్చేది 72 వేలు. ఆ 28 వేలల్లో నిర్వాహకుడి కమిషన్ 5 వేలు పోతే, మిగతా 23 వేలు ఇరవై మందికి పంచితే మీ వాటా 1,150. అంటే స్మోకర్‌కు ఇంకో 13 వేలు తక్కువ పడుతుంది, మిగతా కంతులు ఎలాగూ కట్టాలి, పాప ఫీజు నాటికి చిట్టీ ఖాళీ. ఫీజు కోసం వేసిన చిట్టీ ఫీజుకే పోవాలి.

బ్యాంకులో ఉన్న 60 వేలు కూడా మీరనుకుంటున్నంత కాదు. ఇంటి ఖర్చు, లోను కలిపి నెలకు 40 వేలు అవుతాయనుకుంటే అది నెలన్నర డబ్బు. కనీసం మూడు నెలలకు, అంటే 1 లక్షా 20 వేలకు చేరేదాకా దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. కాబట్టి దసరా స్మోకర్ ఈ రెండు మూడు నెలల జీతాల్లోంచే రావాలి. అంత చిన్నదే కొనాలి.

ఇక అసలు విషయం. ఎవరైనా స్మోకర్ ధర చూస్తారు, అది నిత్యం తినే తిండి చూడరు. స్మోకర్ పని మూత పెట్టి, మాంసాన్ని నేరుగా మంట మీద కాకుండా, 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ వేడిలో పొగతో గంటల తరబడి మగ్గబెట్టడం. ఇంధనం తక్కువ తక్కువగానే కాలుతుంది కానీ చాలాసేపు కాలుతుంది. అందుకే ముందు ఇంధనం ఎంచుకోండి. మూడో ఏడు కూడా అది మీ ఊళ్లో, మీకు గిట్టుబాటు అయ్యే ధరకు దొరకాలి.

పెల్లెట్ స్మోకర్‌లో కర్రపొట్టును నొక్కి చేసిన గుళికలను కరెంటు మోటారు మర తిప్పుతూ కొద్ది కొద్దిగా నిప్పులోకి తోస్తుంది, ఫ్యాను గాలి విసురుతుంది. సెట్ చేసి వదిలేయొచ్చు, అదే దాని గొప్ప. ఆరు గంటలకు నాలుగు కిలోలు కాలుతాయనుకుంటే మీ రేటుకు 880 రూపాయలు. డ్రమ్ములో అదే ఆరు గంటలకు నాలుగు కిలోల బొగ్గు, 180 రూపాయలు, పైన రెండు మూడు కర్ర ముక్కలు.

"ఎక్కువసార్లు వాడితే గిట్టుబాటు అవుతుంది" అని అమ్మేవాళ్లు అంటారు. వేసి చూద్దాం. 92 వేల స్మోకర్‌ను ఐదేళ్లు వాడి 30 వేలకు అమ్మారనుకోండి, పోయేది 62 వేలు. ఏడాదికి పదిసార్లు వెలిగిస్తే ఒక్కోసారికి 1,240, గుళికలు 880, మొత్తం 2,120. ఇంకా మాంసం కొననే లేదు. డ్రమ్ముకు 8,500, మంచి డిజిటల్ థర్మామీటర్‌కు 2,500, మొత్తం 11 వేలు. మూడేళ్లకు తుప్పు పట్టి పాత ఇనుప సామాన్లలోకి పోతుంది, చిల్లి గవ్వ రాదనే అనుకుందాం. పదిసార్ల చొప్పున ఒక్కోసారికి 367, బొగ్గు 180, వెరసి 550 దగ్గర. ఏడాదికి ముప్ఫై సార్లు వెలిగించినా పెల్లెట్ లెక్క 1,290 దగ్గరే ఆగుతుంది, డ్రమ్ము 300కు దిగుతుంది. గుళికల ఖర్చు ఒక్కటే డ్రమ్ము మొత్తం ఖర్చును దాటిపోతున్నప్పుడు ఎన్నిసార్లు వాడినా ఏం లాభం?

ఇంకో సంగతి. వేరుశనగ పొట్టు, ఊకతో చేసిన గుళికలు, బ్రికెట్లు మన జిల్లాల్లో ఫ్యాక్టరీ బాయిలర్లకు లారీల కొద్దీ పోతుంటాయి. చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి, ధర చాలా తక్కువ. కంపెనీలో ఎవరైనా "ఇవే వేసుకో" అంటే వినకండి. వాటిలో ఏ పొట్టు, ఏ చెత్త కలిసిందో తెలియదు, తిండికి పనికిరావు. ఇక తిండికి పనికొచ్చే గుళికలు కూడా వానాకాలం తేమ తగిలితే ఉబ్బి పొట్టుగా రాలి మర దగ్గర ఇరుక్కుంటాయి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంటేనే నడుస్తుంది.

డాలస్ బావది బహుశా పక్కన నిప్పు పెట్టె ఉండే కట్టెల స్మోకర్. దాని రుచి వేరు, ఒప్పుకుంటాను. కానీ అది మందపాటి ఇనుముతో చేస్తేనే వేడి నిలుపుతుంది, ఆ ఇనుముకే డబ్బు. పలుచని రేకుదైతే అరగంటకోసారి కట్టె వేస్తూ పక్కనే కూర్చోవాలి. మొదటి స్మోకర్‌గా వద్దు.

మీ ఆవిడ చెప్పిన గ్యాస్‌ది ఇంధనం వరకు చవకే. ఆరు గంటలకు రెండు కిలోల గ్యాస్ అనుకుంటే, 14.2 కిలోల సిలిండర్ వెయ్యి రూపాయలైతే 140 దాకా అవుతుంది. వాన పడినా వెలుగుతుంది, మంట తిప్పితే తగ్గుతుంది. పొగ కోసం చిన్న డబ్బాలో కర్ర ముక్కలు వేస్తారు, రుచి కొంచెం పలుచనవుతుంది. 24 వేలు మీ చేతిలో ఊరికే ఉండి ఉంటే నేను దానికే ఓటేసేవాణ్ని. ప్రస్తుతానికి లేవు. డ్రమ్ము మీద ఏడాది చేశాక కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు ఆమె మాటే వినండి. ఈలోపు నెలకు 2 వేల రికరింగ్ డిపాజిట్ వేస్తే ఏడాదికి ఆ డబ్బు కూడుతుంది.

మన వైపు కట్టెల అదృష్టం ఒకటుంది, బావకు చెప్పండి. టెక్సాస్ వాళ్లు మెస్కీట్ కర్ర అని ఎగబడేదాని దగ్గరి చుట్టమే చెరువు గట్ల మీద, బీళ్లలో విచ్చలవిడిగా పెరిగే మన సర్కారు తుమ్మ. దాని బొగ్గు గట్టి వేడినిస్తుంది. పొగ మాత్రం ఘాటు, పిడికెడు ముక్కలు రెండుకు మించి వేస్తే మాంసం చేదెక్కుతుంది. నల్గొండ వైపు బత్తాయి తోటలు తీసేసినప్పుడు వచ్చే కట్టె, కొల్లాపూర్ వైపు మామిడి కొమ్మలు నరికినప్పటి కట్టె ఇంకా మెత్తని పొగనిస్తాయి. జామ కూడా మంచిదే. ఆరు నెలలైనా ఎండాలి; పచ్చి కట్టె తెల్లటి చేదు పొగ వదులుతుంది, మీ పక్కింటివాళ్లు గోడ మీంచి పలకరిస్తారు. గన్నేరు అసలే వద్దు, అది విషం. వేప, నీలగిరి, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ కూడా దూరం. గట్టు మీది చెట్టు కొట్టే ముందు అది ఎవరిదో, పంచాయతీదో కనుక్కోండి.

ఇప్పుడు డ్రమ్ము. మీరు మందుల కంపెనీలో చేస్తున్నారు కనుక ఇది గట్టిగా చెప్పాలి. స్టోర్ వెనక ఖాళీ 200 లీటర్ల డ్రమ్ములు కనిపిస్తాయి, అక్కడివాళ్లు తీసుకుపొమ్మంటారు కూడా. సాల్వెంట్లు, రసాయనాలు పోసిన డ్రమ్ములో ఎంత కడిగినా, ఎంత కాల్చినా వండొద్దు. నూనె, తేనె, పండ్ల గుజ్జు లాంటి తిండి సరుకు వచ్చిన ఇనుప డ్రమ్ము, లేదా కొత్తది వెతకండి. లోపల పూత ఉంటే మాంసం పెట్టే ముందు ఖాళీగా బాగా మంట పెట్టి పూర్తిగా కాల్చేయాలి. జింకు పూత ఉన్న రేకు, జాలీ ఏదీ వాడనివ్వకండి, వేడికి దాని పొగ ఒంటికి మంచిది కాదు. వెల్డింగ్ ఆయనకు అడుగున బొగ్గు బుట్ట, కింద మూసి తెరవగలిగే మూడు నాలుగు గాలి రంధ్రాలు, బొగ్గుకు రెండడుగుల పైన ఒక జాలీ, పొగ పోయే దారి ఉన్న మూత, ఇంతే చెప్పండి. చక్రాలు, పిడులు, రంగులు అంటూ 8,500ను 14 వేలు చేయకుండా చూసుకోండి.

వెలిగించేటప్పుడు బుట్ట నిండా చల్లని బొగ్గు పోసి, పైన కొన్ని నిప్పులు మాత్రమే వేయాలి. నిప్పు మెల్లగా కిందికి దిగుతుంది. వేడి కుదురుకోవడానికి ముప్పావు గంట పడుతుంది, అది గాలి రంధ్రాలతో ఆడుకోవాల్సిన సమయం. రేకుల షెడ్డు మూసి, వరండాలో పెట్టి కాల్చొద్దు. బొగ్గు నిప్పు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసన ఉండదు.

మాంసం లెక్క మీరు అసలు రాయలేదు, అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. రెండు కిలోల మటన్ తొడ కిలో 900 అనుకుంటే 1,800. స్మోకర్‌లో మూడో వంతు బరువు ఆవిరై పోతుంది, పైన ఎముక. మన యాటలు చిన్నవి, కొవ్వు తక్కువ, కాబట్టి తొందరగా ఎండుతాయి. బావ వీడియోలో చూసిన మెత్తదనం మొదటి రోజే రాదు. అందుకే దసరాకు ముందు చర్మంతో ఉన్న కోడి తీసుకుని నేర్చుకోండి. మూడు గంటల లోపు అయిపోతుంది, తొడ లోపల 74 డిగ్రీలు చూపిస్తే తినొచ్చు. జూరాల ప్రాజెక్టు చేప దొరికితే ఇంకా త్వరగా, 63 డిగ్రీలకే. మటన్ జబ్బ ముక్క వేళ్లతో విడిపోవాలంటే 90 డిగ్రీలు దాటాలి, మధ్యలో 65-70 దగ్గర వేడి గంటల తరబడి కదలదు. అది చెడిపోయినట్టు కాదు, తేమ ఆవిరవుతున్నట్టు. అక్కడ కంగారుపడి బొగ్గు కుమ్మరించినవాళ్ల మాంసమే మాడుతుంది. థర్మామీటర్‌కు 2,500 పెట్టమన్నది ఇందుకే. రేకు మీద బిగించిన గడియారంలాంటి మీటరు డ్రమ్ము వేడి చెప్తుంది, మాంసం వేడి చెప్పదు. పాలమూరు ఎండలో పచ్చి మాంసాన్ని బయట మసాలా పట్టించి వదిలేయకండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి.

డబ్బు ఇలా సర్దుకోండి: ఈ నెల, వచ్చే నెల ఇంటి ఖర్చులోంచి నాలుగేసి వేలు, దసరా ముందు నెల మూడు వేలు. పండగ బోనస్ వస్తే అది బ్యాంకులోని 60 వేల మీదికి పోనివ్వండి, స్మోకర్ మీదికి కాదు.

అమ్మే విషయంలో బావ చెప్పింది పూర్తిగా తప్పు కాదు, ముందే చెప్పింది మాత్రం తప్పు. వండి అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. గ్యాస్ వాడితే ఇంటి సిలిండర్ పనికిరాదు, 19 కిలోల కమర్షియల్‌ది తీసుకోవాలి. రెండు కిలోల తొడ మీద తినడానికి చేతికొచ్చేది కిలోకు అటూ ఇటూ, అంటే మాంసానికే కిలోకు 1,800 పడినట్టు. మీరు కూర్చున్న ఆరు గంటలు, బొగ్గు, ప్యాకింగ్ కలిపి ఎంతకు అమ్మాలో కాగితం మీద వేయండి. ఆ ధరకు మీ కాలనీలో పదిమంది కొంటామంటే, అప్పుడు ముందు డబ్బు తీసుకుని ఆర్డర్ మీద చేసివ్వండి. దానికోసం ఇంకో స్మోకర్ కొనాలా అని మళ్లీ రాయండి, ఆ ఆర్డర్ల లెక్క కూడా జతచేసి.