పాఠకుల ప్రశ్నలు, వైద్యుని సమాధానాలు: నీలగిరి తైలం ఎంతవరకు మందు?

బెంగళూరులో నవంబరు చలి మొదలయ్యేసరికి జలుబు, దగ్గులతో పాటు ఇళ్లలోని తైలం సీసాలూ అలమరల నుంచి బయటికి వస్తాయి. ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి గురించే కాబట్టి, ఐదింటిని ఎంచుకుని ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేము అనంతపురం నుంచి వచ్చి పదేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాము. మా మనవడికి రెండేళ్ల ఎనిమిది నెలలు. చలికాలం వస్తే వాడికి ముక్కు మూసుకుపోయి రాత్రంతా నిద్ర ఉండదు. నేను ఊటీ నుంచి తెచ్చుకున్న నీలగిరి తైలాన్ని వాడి ముక్కు కింద, ఛాతీ మీద రాసి, వేడినీళ్లలో నాలుగు చుక్కలు వేసి దుప్పటి కప్పి ఆవిరి పట్టిస్తాను. మా కోడలు వద్దంటుంది. నా పిల్లలందరినీ నేను ఇలాగే పెంచాను. ఇందులో తప్పేముంది?
— ఒక నాయనమ్మ, మారతహళ్లి

సమాధానం: అమ్మా, మనవడి మీద ప్రేమతో మీరు చేస్తున్న పనిని కాదనడం నాకు కష్టంగానే ఉంది. అయినా ఈ విషయంలో మీ కోడలి మాటే సరైనది. మూడేళ్లు నిండని పిల్లవాడి ముఖం దగ్గరికి నీలగిరి తైలాన్ని తీసుకురాకూడదు.

మీ సీసాలో ఉన్నది ఆకు పసరు కాదు. కొండల మీద నీలగిరి ఆకును పెద్ద పాత్రల్లో కుక్కి, కింద మంట పెట్టి, పైకి వచ్చే ఆవిరిని గొట్టం గుండా పంపి చల్లార్చి, నీటి మీద తేలిన నూనెను వేరు చేస్తారు. వంద కిలోల ఆకు ఉడికిస్తే చేతికి వచ్చే తైలం సుమారు ఒకటి, రెండు కిలోలు మాత్రమే. మందుగా అమ్మే తైలంలో సినియోల్ అనే పదార్థం కనీసం 70 శాతం ఉండాలి. ఆ ఘాటు ప్రధానంగా దానిదే, గుణమూ దానిదే, మోతాదు మించితే కలిగే విషప్రభావమూ దానిదే. మన కోస్తా జిల్లాల్లో జామాయిల్ అని పిలిచే తోటల చెట్టు కూడా ఈ యూకలిప్టస్ కుటుంబంలోనిదే కానీ, దాని ఆకులో నూనె తక్కువ. ఊటీ తైలం ఇచ్చేది గ్లోబ్యులస్ అనే వేరే రకం. అందువల్ల పొలం గట్టున ఉన్న చెట్టు ఆకు నాలుగు రెమ్మలు నీళ్లలో వేసి కాచిన మీ చిన్ననాటి ఆవిరికీ, సీసాలోని చిక్కటి తైలానికీ బలంలో పోలికే లేదు.

ఇక, తైలం పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు ఎందుకు అనిపిస్తుందో చెబుతాను. ముక్కు లోపలి పొరలో చల్లదనాన్ని గుర్తుపట్టే నాడుల కొసలు ఉంటాయి. పిప్పరమెంటు పువ్వు (మెంథాల్), కొంతవరకు సినియోల్, ఆ కొసలను తట్టి లేపుతాయి. చల్లగాలి ధారాళంగా లోపలికి వస్తోందని మెదడు అనుకుంటుంది. పిప్పరమెంటు పువ్వు పీల్పించి ముక్కులో గాలి ప్రవాహాన్ని పరికరాలతో కొలిచినప్పుడు, హాయిగా ఉందని మనుషులు చెప్పినా లోపలి వాపు తగ్గలేదని తేలింది. పెద్దవాళ్లకు ఆ హాయి కూడా ఒక ఉపశమనమే, నేను కాదనను. కానీ పసిపిల్లల్లో ఇంత ఘాటైన వాసన ముక్కు దగ్గర తగిలితే స్వరపేటిక ఒక్కసారిగా బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఉబ్బసం తత్వం ఉన్న పిల్లలకు ఇదే వాసన ఆయాసాన్ని రేపవచ్చు. దుప్పటి కింద మరుగుతున్న నీళ్ల గిన్నె సంగతి వేరే చెప్పాలా? పిల్లవాడు ఒక్కసారి కాలు విదిలిస్తే చాలు, ఆ నీళ్లు ఒడిలో పడతాయి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఆ సీసా ఇంట్లో ఎక్కడ ఉందన్నది. నేను పిల్లల వార్డులో శిక్షణ పొందుతున్న రోజుల్లో, ఒక అర్ధరాత్రి ఏడాదిన్నర పాపను తండ్రి చేతుల మీద తీసుకొచ్చాడు. దగ్గు మందు సీసా పక్కనే తైలం సీసా ఉంది. నిద్రమత్తులో, దీపం వేయకుండా, మందనుకుని తైలాన్ని ఒక చెంచా పోశారు. పాప తల వాల్చేసి ఉంది, ఊపిరితో పాటు నీలగిరి వాసన వస్తోంది. మేము సెలైన్ ఎక్కిస్తుండగానే ఫిట్స్ మొదలయ్యాయి. ఆ తండ్రి సీసాను చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు. మూత సరిగా బిగించకపోవడంతో జేబంతా నూనె మరకై, గుండెల మీద చర్మం ఎర్రగా కందిపోయింది. ఆయనకు ఆ మంట తెలియనే లేదు. సీసా వెంట తెచ్చినందువల్లే మాకు నిమిషాల్లో సంగతి అర్థమైంది. రెండు రోజుల తరువాత పాప కోలుకుని ఇంటికి వెళ్లింది.

ఒక చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. పసిపిల్లల్లో అంతకంటే తక్కువ మింగినా మత్తు, వాంతులు, తూలిపోవడం, ఫిట్స్ రావచ్చు. ఈ లక్షణాలు చాలాసార్లు అరగంటలోపే కనిపిస్తాయి, కొన్నిసార్లు ఆలస్యంగానూ రావచ్చు. అటువంటి పరిస్థితి ఎవరింట్లోనైనా వస్తే ఉప్పునీళ్లు తాగించి గాని, గొంతులో వేలు పెట్టి గాని వాంతి చేయించకూడదు. కక్కేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అది మరింత ప్రమాదం. సీసా తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రింబవళ్లు సలహా ఇస్తుంది. ఆ నంబరును ఫ్రిజ్ తలుపు మీద రాసి అతికించండి.

మీ మనవడికి చేయవలసింది సులభమే. మందుల షాపులో దొరికే సాధారణ సెలైన్ ముక్కు చుక్కలు పడుకోబోయే ముందు ఒక్కో ముక్కులో రెండేసి వేయండి, కాసేపాగి మెత్తటి గుడ్డతో తుడవండి. గోరువెచ్చని నీళ్లు, పాలు కొంచెం కొంచెంగా పట్టండి. ఊపిరి వేగంగా తీస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా, తాగడం మానేసినా తెల్లవారే దాకా ఆగకుండా వైద్యుడికి చూపించండి. తైలం సీసాను పిల్లవాడికి అందని చోట, తాళం వేసే అరలో, తాగే మందులకు దూరంగా పెట్టండి. అది త్వరగా అంటుకునే నూనె కూడా, గ్యాస్ పొయ్యి గట్టు మీద ఉంచకండి.

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. చిన్నప్పటి నుంచి మూర్ఛవ్యాధికి మందులు వాడుతున్నాడు. మూడేళ్లుగా ఫిట్స్ లేవు. కిందటి నెల తలనొప్పి అని నుదుటికి బామ్ పట్టించి, రాత్రి నీలగిరి తైలంతో ఆవిరి పట్టుకున్నాడు. పది నిమిషాలకే ఫిట్స్ వచ్చింది. మాత్రలు మానలేదు. తైలానికీ దీనికీ సంబంధం ఉంటుందా?
— ఒక అక్క, బాణసవాడి

సమాధానం: ఉండవచ్చు. మీరు గమనించి రాసినందుకు సంతోషం, ఎందుకంటే చాలా కుటుంబాలు ఈ సంగతి వైద్యుడికి చెప్పవు, వైద్యులు కూడా అడగరు. ఈ ప్రశ్నను పట్టుకుని పరిశోధించినవారు మన నగరంలోనే ఉన్నారు. సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రి నాడీవైద్యులు నీలగిరి తైలాన్ని పీల్చిన తరువాత ఫిట్స్ వచ్చిన రోగుల వివరాలను 2017లో ప్రచురించారు. ఆ తరువాత మరికొన్ని ఆసుపత్రులతో కలిసి ఇలాంటి తైలాలన్నిటి మీదా అధ్యయనం చేశారు. అంతకుముందెప్పుడూ ఫిట్స్ లేనివారికి కూడా ఇలా రావచ్చనీ, మూర్ఛ ఉన్నవారిలో అదుపులో ఉన్న వ్యాధిని ఈ తైలాలు కదిలించవచ్చనీ వారు చెప్పారు. సినియోల్, కర్పూరం రెండూ మెదడు కణాలను ఉద్రేకపరుస్తాయి. మీ తమ్ముడు వాడిన బామ్ డబ్బా మీద చదవండి: నీలగిరి తైలం, కర్పూరం రెండూ ఉండే అవకాశమే ఎక్కువ. రోజ్‌మేరీ, సేజ్ నూనెలదీ ఇదే గుణం. ఇప్పుడు చాలామంది పడకగదుల్లో కరెంటుతో సువాసన చిమ్మే పరికరాలు పెట్టుకుంటున్నారు కాబట్టి వాటిలో ఏ నూనె పోస్తున్నారో కూడా చూసుకోవాలి.

మూర్ఛ మాత్రలు ఒక్క పూట కూడా ఆపవద్దు. బామ్, తైలం, ఆవిరి మూడూ మానిపించండి. ఫలానా రోజు, ఇన్ని నిమిషాల ముందు, ఈ తైలం వాడాడు అని కాగితం మీద రాసి అతని వైద్యుడికి చూపించండి. ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర తైలం సీసా ఉంచడం మనవాళ్లలో ఇంకా ఉంది. తాళాల వల్ల లాభం లేదు, తైలం వల్ల హాని ఉంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూస్తూ ఉండండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

కర్పూరం మాట వచ్చింది కాబట్టి: అమెరికాలో ఒంటికి రాసుకునే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని 1983 నుంచి నిబంధన ఉంది. మన పూజగదిలో హారతి కర్పూరం బిళ్లలు తెల్లగా, చూడటానికి పటికబెల్లంలా, పిల్లలకు అందే ఎత్తులోనే ఉంటాయి. వాటికి కూడా తాళం కావాలి.

ప్రశ్న: పిప్పిపన్ను నొప్పికి లవంగ నూనె పెడితే తగ్గుతోంది. రోజూ పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, యశవంతపుర

సమాధానం: లవంగ నూనెలోని యూజినాల్ నిజంగానే నొప్పిని మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు దాన్ని జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలికంగా పన్ను పూడ్చడానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. ఒక చుక్కను దూదికి అద్ది పంటి గుంటలోనే పెట్టండి, చిగురుకు తగిలితే పుండు పడుతుంది. అది దంతవైద్యుడి దగ్గరికి వెళ్లే దాకా, ఒకటి రెండు రోజులకు మాత్రమే. నొప్పి తెలియనంత మాత్రాన పుప్పి ఆగదు. పిల్లలకు ఇంట్లో వాడకండి. ఈ నూనె చెంచాడు మింగిన పిల్లల్లో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి.

ప్రశ్న: నాకు 50 ఏళ్లు, ఉబ్బసం ఉంది. నీలగిరి తైలం రెండు చుక్కలు తేనెలో కలుపుకుని రోజూ తాగితే ఇన్‌హేలర్ మానేయవచ్చని ఒక మిత్రుడు చెప్పారు. విదేశాల్లో దీని మీద పరిశోధన కూడా జరిగిందట. నిజమేనా?
— ఒక పాఠకుడు, మల్లేశ్వరం

సమాధానం: పరిశోధన జరిగిన మాట నిజం. మీ మిత్రుడు చెప్పిన అర్థం మాత్రం దానిలో లేదు. జర్మనీలో రోజూ స్టెరాయిడ్ మాత్రలు మింగవలసినంత తీవ్రమైన ఉబ్బసం ఉన్న 32 మందికి 12 వారాల పాటు సినియోల్ గాని, ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చి 2003లో ఫలితాలు ప్రచురించారు. సినియోల్ వాడినవారి స్టెరాయిడ్ మోతాదును సగటున 36 శాతం తగ్గించగలిగారు, రెండో వర్గంలో 7 శాతమే. సినియోల్‌కు వాపు తగ్గించే గుణం ఉందనడానికి ఇది మంచి ఆధారమే, నాకు ఆ అధ్యయనం మీద గౌరవం ఉంది. కానీ వారు వాడినది శుద్ధి చేసిన సినియోల్, పేగుల్లోకి వెళ్లాక మాత్రమే కరిగే పూత ఉన్న 200 మిల్లీగ్రాముల గొట్టం మాత్ర, రోజుకు మూడుసార్లు, వైద్యుల పర్యవేక్షణలో. పైగా పాల్గొన్నవారు చాలా కొద్దిమంది, వారెవరూ సినియోల్ వచ్చిందని తమ చికిత్సను సొంతంగా వదిలేయలేదు. మీ సీసాలో సినియోల్ ఎంతో, కల్తీ ఎంతో, మీ సీసా మూతి నుంచి పడే చుక్క ఎంత పెద్దదో ఎవరికీ తెలియదు. దాన్ని తాగకండి. ఇన్‌హేలర్ ఆపకండి, ఉబ్బసం విషమించి ఆసుపత్రిలో చేరేవారిలో ఇన్‌హేలర్ సొంతంగా ఆపేసినవారిని నేను ప్రతి చలికాలం చూస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. గుండె కవాటం మార్చినప్పటి నుంచి రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వేసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులకు ఊటీలో కొన్న వింటర్‌గ్రీన్ నూనె పూటకు రెండుసార్లు మర్దన చేయించుకుంటున్నారు. పైపూతే కదా, పరవాలేదా?
— ఒక కుమార్తె, జయనగర

సమాధానం: పరవాలేదని చెప్పలేను. వింటర్‌గ్రీన్ నూనె దాదాపు మొత్తం మిథైల్ సాలిసిలేటే, అంటే ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఒక చెంచా నూనెలో 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు ఇరవైకి పైగా వేసుకున్నంత సాలిసిలేట్ ఉంటుంది. అది చర్మం గుండా రక్తంలోకి చేరుతుంది, రుద్దిన కొద్దీ, వేడి కాపడం పెట్టిన కొద్దీ ఇంకా ఎక్కువగా చేరుతుంది. వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. ఈ రోజు నుంచే ఆ నూనె ఆపి, ఈ వారంలోనే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించి, ఆ ఫలితంతో గుండె వైద్యుడిని కలవండి. చిగుళ్ల నుంచి రక్తం రావడం, కారణం లేకుండా ఒంటి మీద నల్లటి కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే పరీక్ష తేదీ కోసం చూడకుండా అదే రోజు వెళ్లండి. నాన్నగారికి మర్దన అలవాటు ఉంటే గోరువెచ్చని నువ్వుల నూనెతో, ఏ తైలమూ కలపకుండా, మెల్లగా చేయించండి.