క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్), హెడర్లు (ఎగ్జాస్ట్ పైపులు) మార్చిన షెవ్రొలె 350 (వీ8 ఇంజిన్) పికప్ టప్‌టప్‌మంటోంది, ఎక్కడ చూడాలి?

కార్బ్యురేటర్‌లోంచి మంట తన్నుతుంటే ముందు ప్లగ్ వైర్లు చూడండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-8-4-3-6-5-7-2, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు స్పార్క్ పంచే భాగం) మీద సవ్యదిశలో. 5, 7 సిలిండర్లు పక్కపక్కనే ఉంటాయి, వెంటవెంటనే మండుతాయి. ఆ రెండు వైర్లూ ఆనుకుని సాగితే 5 స్పార్క్ 7లోకి దూకుతుంది. డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి) ఎక్కువున్న క్యామ్‌తో అప్పటికి 7 ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా మూసుకోదు, మంట వెనక్కొస్తుంది. వైర్లను దూరం జరపండి.

తర్వాత డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం ఊడదీసి, మూసి, టైమింగ్ లైట్ పెట్టండి: 3000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు స్పార్క్ పడుతుందో) 34–36 డిగ్రీలు రావాలి.

యాక్సిలరేటర్ తొక్కగానే మాత్రమే పేలితే, కార్బ్యురేటర్‌లో అదనపు పెట్రోల్ చిమ్మే యాక్సిలరేటర్ పంప్ చూడండి. ఇంజిన్ ఆపి థ్రాటిల్ లాగితే పెట్రోల్ ధార తక్షణం పడాలి. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం కార్బ్యురేటర్ మీదకు వంగకండి!

కాలు తీసినప్పుడు సైలెన్సర్‌లో పేలితే హెడర్ గాస్కెట్ లీకు చూడండి.