రెండు విమానాలతో ఎయిర్‌లైన్ పెట్టొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రాజమండ్రి, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. మన వైపు ఫ్రెండ్స్ కొంతమందిమి కలిసి తలా కొంత వేసుకుని రెండు ఏటీఆర్ విమానాలు (చిన్న ప్రొపెల్లర్ విమానాలు) లీజుకి తీసుకుని హైదరాబాద్ నుంచి రాజమండ్రి, కడప, కర్నూలు తిప్పుదామని చూస్తున్నాం. ఇండియా వచ్చినప్పుడల్లా రాజమండ్రి ఫ్లైట్ ఫుల్లుగానే ఉంటోంది కదండీ, మరి మన వాళ్లే పెట్టిన ఎయిర్ కోస్టా, ట్రూజెట్ ఎందుకు మూతపడ్డాయి? (ఓ పాఠకుడు, డాలస్)

జవాబు: ముందే చెప్పేస్తాను, మీ ఆలోచన నాకు నచ్చింది, మన చిన్న ఊళ్లకి విమానం కావాలని నేనూ గట్టిగా కోరుకుంటాను. కానీ రెండు విమానాలతో మాత్రం దిగకండి.

సీట్లు నిండితే ఎయిర్‌లైన్ నడిచిపోతుందని చాలామంది అనుకుంటారు. చిన్న ఎయిర్‌లైన్‌కి అసలు కష్టం విమానం ఎగరని రోజు మొదలవుతుంది. మీ రెండు ఏటీఆర్‌లలో ఒకదానికి ఓ పార్ట్ పోయి అది బయటి దేశం నుంచి రావాలంటే (ఇలా విమానం నేల మీదే ఆగిపోవడాన్నే ఏఓజీ అంటారు) ఆ రోజు మీ ఫ్లైట్లలో సగం క్యాన్సిల్, రిఫండ్లు ఇవ్వాలి, లీజు మీటరు మాత్రం ఆగదు, సిబ్బంది జీతాలూ ఆగవు. ఇండిగోకి 400 పైన విమానాలున్నాయి, ఒకటి ఆగినా ఇంకోటి తెచ్చి సర్దుకుంటారు. మీ దగ్గర సర్దడానికి ఏముంటుంది? ఇలా రెండు మూడు సార్లు జరిగితే కడపలో డాక్టర్ దగ్గరికో కోర్టు పనికో వెళ్లాల్సినవాళ్లు ఇక మిమ్మల్ని నమ్మరు, రాత్రి బస్సెక్కి పడుకుంటే పొద్దున్నకి హైదరాబాద్‌లో ఉంటారు కదా.

ఇక డబ్బు సంగతి. కొత్త ఏటీఆర్ 72-600 లీజు నెలకి లక్ష డాలర్లు దాటుతుంది, పైగా కొన్ని నెలల అద్దె డిపాజిట్‌గా ముందే కట్టాలి, అది కాక ఇంజన్ ఓవర్‌హాల్ కోసం ఎగిరిన ప్రతి గంటకీ మెయింటెనెన్స్ రిజర్వ్ అని వేరే కట్టాలి. ఇవన్నీ డాలర్లలో, మీకొచ్చే టికెట్ డబ్బు రూపాయల్లో, రూపాయి పడిపోయిన నెలలో మీ తప్పేం లేకపోయినా నష్టం వచ్చేస్తుంది.

పర్మిషన్ల దగ్గరా జాగ్రత్త. ముందు పౌర విమానయాన శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తుంది, పేపర్లో "కొత్త ఎయిర్‌లైన్ వచ్చేస్తోంది" అని వార్త పడేది అప్పుడే, కానీ అసలు పని ఆ తర్వాతే ఉంటుంది, డీజీసీఏ (విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) ఏఓసీ (ఎయిర్‌లైన్ నడిపే లైసెన్సు) ఇచ్చేదాకా ఒక్క టికెట్ కూడా అమ్మకూడదు. ఆ ఏఓసీ రావాలంటే విమానం ఉండాలి, పైలట్లు, ఇంజనీర్లు, సేఫ్టీ హెడ్, మాన్యువల్స్ అన్నీ రెడీగా ఉండాలి, అంటే ఒక్క రూపాయి ఆదాయం లేకుండా నెలల తరబడి అందరికీ జీతాలు ఇస్తూ కూర్చోవాలన్నమాట. ఎంతోమంది పెట్టుబడి ఇక్కడే సగం కరిగిపోతుంది. ఇంకో మాట, కంపెనీ ఛైర్మన్‌తో పాటు డైరెక్టర్లలో కనీసం మూడింట రెండొంతుల మంది భారత పౌరులై ఉండాలి, మీలో ఎంతమంది అమెరికా పౌరసత్వం తీసుకున్నారో ముందే లెక్క చూసుకోండి.

ఇప్పుడు మన వాళ్ల విషయం. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబర్‌లో ఎంబ్రాయర్ జెట్‌లతో మొదలైంది, 2014లో సింగపూర్ ఎయిర్ షోలో ఏకంగా 50 కొత్త ఎంబ్రాయర్‌లకి ఆర్డర్ ప్రకటించింది, 2017 ఫిబ్రవరి ఆఖరుకి సర్వీసులు ఆగిపోయాయి. మంచి విమానాలే, ప్రయాణికులకీ నచ్చాయి, కానీ ఆ టైంలో మన దేశంలో ఆ రకం జెట్‌లు నడిపే ఎయిర్‌లైన్ ఇంకోటి లేదు, పైలట్ కావాలన్నా స్పేర్ పార్ట్ అప్పు అడగాలన్నా పక్కన ఎవరూ లేరు. ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 80 సీట్ల లోపు విమానాలకి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో ల్యాండింగ్ ఛార్జీ లేదు, 40 టన్నుల లోపు బరువుంటే ఇంధనం మీద పన్ను కూడా తక్కువ. కోస్టా వాడిన ఎంబ్రాయర్ ఈ-190 మోడల్‌లో 112 సీట్లు, బరువూ 40 టన్నులు దాటుతుంది, ఆ రెండు లాభాలూ దానికి రావు. మన దేశంలో ఎయిర్‌లైన్ ఖర్చులో ఇంధనానిదే పెద్ద వాటా కాబట్టి ఇది చిన్న విషయం కాదండీ.

ట్రూజెట్ 2015 జులైలో హైదరాబాద్ నుంచి ఏటీఆర్‌లతో మొదలైంది. విమానం ఎంపిక కరెక్టే, ఊళ్ల ఎంపిక కూడా కరెక్టే, ఉడాన్ (చిన్న ఊళ్లకి విమానాలు నడిపేవాళ్లకి కేంద్రం సాయం చేసే పథకం) కింద కడప, నాందేడ్ లాంటి చోట్లకి 2017 ఏప్రిల్‌లోనే వెళ్లింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఇండిగో కూడా హైదరాబాద్ నుంచే ఏటీఆర్‌లు మొదలుపెట్టింది, ఆ తర్వాత 2020లో కోవిడ్ వచ్చిపడింది, 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఎగరడం ఆపేసింది. దాదాపు ఆరున్నరేళ్లు లాగారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయకూడదు. మీరు మార్కెట్ పెంచిన రూటులోకి పెద్దవాడు వచ్చి ఒక్క సీజన్ టికెట్ తగ్గించి అమ్మితే తట్టుకునే డబ్బు మీ దగ్గర ఉండాలి.

అందుకే నా సలహా: కనీసం నాలుగు విమానాలు, అందులో ఒకటి టైంటేబుల్‌లో పెట్టకుండా స్పేర్‌గా, ప్లస్ ఏడాదిన్నర పాటు నష్టం వచ్చినా జీతాలు, లీజు కట్టగలిగే క్యాష్ విడిగా. అంత పోగవకపోతే ఇప్పుడే మొదలుపెట్టకండి.

ప్రశ్న: ఉడాన్‌లో ప్రభుత్వమే డబ్బులిస్తుంది కదా, అయినా మా ఊరి ఫ్లైట్లు మొదలవుతాయి, ఆగిపోతాయి, ఎందుకిలా? (ఓ పాఠకురాలు, కడప)

జవాబు: మీ బాధ కరెక్టే అమ్మా, లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. 2023లో వచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) రిపోర్ట్ ప్రకారం ఉడాన్ మూడో విడత దాకా ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు, మొదలైన 371లో ప్రభుత్వ సాయం అందే మూడేళ్లు పూర్తి చేసినవి 112, ఆ 112లో 2023 మార్చి నాటికి ఇంకా నడుస్తున్నవి 54.

కారణం ఏంటంటే, ఉడాన్‌లో దాదాపు సగం సీట్లు ప్రభుత్వం చెప్పిన రేటుకి అమ్మాలి, మొదట్లో గంట ప్రయాణానికి 2,500 రూపాయలు. ఆ లోటుకి వీజీఎఫ్ అని ఇస్తారు, కానీ ఎవరు తక్కువ వీజీఎఫ్ అడిగితే వాళ్లకే రూటు, కాబట్టి పోటీలో గెలవాలని మరీ తక్కువకి ఒప్పేసుకుంటారు, డబ్బేమో ఎగిరిన తర్వాత వస్తుంది. మూడేళ్లకి ఆ వీజీఎఫ్ ఆగుతుంది. ఈ మూడేళ్లలో ఊరికి విమానం అలవాటు కావాలి, సగం ఫ్లైట్లు క్యాన్సిల్ అయితే అలవాటు ఎలా అవుతుంది చెప్పండి. పైగా చాలా చిన్న విమానాశ్రయాల్లో రాత్రి ల్యాండింగ్ ఉండదు, పొద్దుపోయాక విమానం ఖాళీగా నిలబడుతుంది, లీజు మాత్రం 24 గంటలకీ కట్టాలి. రాష్ట్ర ప్రభుత్వాలు కొత్త టెర్మినళ్ల మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ రాత్రి లైట్ల మీద, ఏటీసీ (విమానాల రాకపోకల్ని నియంత్రించే టవర్) టైమింగ్స్ మీద పెడితే మీ ఊరికి ఎక్కువ మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: మామునూరు ఎయిర్‌పోర్ట్ వస్తే వరంగల్ నుంచి హైదరాబాద్‌కి ఫ్లైట్ ఉంటుందా సార్? (ఓ పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ఉండకూడదు. రోడ్డు మీద మూడు గంటల్లోపు దూరానికి విమానం దండగ, చెకిన్‌కే గంట పోతుంది. మీరు అడగాల్సింది బెంగళూరు, తిరుపతి, ముంబై. శంషాబాద్‌కి 150 కిలోమీటర్లలోపు ఇంకో ఎయిర్‌పోర్ట్ ఉండకూడదన్న షరతు మీద శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నడిపే జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పాకే 2025లో కేంద్రం క్లియరెన్స్ ఇచ్చింది, కాబట్టి ఆ దారి తెరుచుకుంది. మీ వ్యాపారులు, ఐటీ వాళ్లు కలిసి నెలకి ఎంతమంది ఏ ఊరికి వెళ్తున్నారో లెక్క తీసి ఎయిర్‌లైన్స్‌కి ఇవ్వండి, ఎయిర్‌లైన్ వాళ్లు రూటు వేసేముందు చూసేది ఇలాంటి లెక్కే.

ప్రశ్న: మా అబ్బాయి ఏటీఆర్ కో-పైలట్. కొత్త చిన్న ఎయిర్‌లైన్ నుంచి ఆఫర్ వచ్చింది, చేరమంటారా? (ఓ తల్లి, విశాఖపట్నం)

జవాబు: చిన్నచోట కెప్టెన్ సీటు త్వరగా వచ్చే ఛాన్స్ ఉంది, ఆ లాభం నిజమే. కానీ అమ్మా, సంతకం పెట్టేముందు ఇవి అడగమనండి: ఏఓసీ వచ్చిందా లేక ఎన్ఓసీ మాత్రమేనా, ఎన్ని విమానాలు చేతికొచ్చాయి, ట్రైనింగ్ బాండ్ (మధ్యలో మానేస్తే కట్టాల్సిన డబ్బు) ఎంత, కంపెనీ ఆగిపోతే ఆ బాండ్ సంగతేంటి. నోటీసు పీరియడ్ కూడా చూసుకోవాలి, 2017లో డీజీసీఏ కో-పైలట్లకి ఆరు నెలలు, కెప్టెన్లకి ఏడాది అని రూల్ పెట్టింది. అంటే జీతాలు లేటవుతున్నాయని తెలిసిన రోజే బయటికి రావడం కుదరదు, ఓ ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకునే చేరమనండి.