అమెరికాలో కేంద్రం, రాష్ట్రాలు: పేపరు రాయబోయే మేనకోడలికి

అమ్మలూ,

అమెరికాలో కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య అధికారం ఎలా చేతులు మారుతూ వచ్చిందో సెమినార్‌కి పేపరు రాయాలన్నావు. 1787 నుంచి ఇవాళ్టిదాకా తేదీలు వరసగా పేర్చుకుంటూ పోకు. అలా రాస్తే ఏం జరిగిందో తెలుస్తుంది గానీ ఎందుకు జరిగిందో తెలీదు. ప్రతి మలుపు దగ్గరా ఆగి మూడు ప్రశ్నలు వెయ్యి. రాజ్యాంగంలో ఏ మాటను పట్టుకున్నారు? డబ్బు ఎవరిది? ఆ మాట చెల్లేలా గుమ్మం దగ్గర నిలబడింది ఎవరు? వీటిలో ఏది మారిందో పట్టుకున్నావంటే అధికారం ఎటు జరిగిందో నీకే కనబడుతుంది.

ముందు మన చదువుతో వచ్చిన అలవాటు ఒకటి వదిలించుకో. మన ఏడో షెడ్యూలులో ఉన్నట్టు కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అక్కడ వెతక్కు. వాళ్ళు రాసుకున్నది ముఖ్యంగా కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఏమేం చెయ్యొచ్చో చెప్పే జాబితా: మొదటి అధికరణం, 8వ సెక్షన్, 18 క్లాజులు. మిగిలినది రాష్ట్రాలది, లేదా ప్రజలది. మన దగ్గర మిగిలినది కేంద్రానిది. ఈ తేడా మాటవరసకు చెప్పేది కాదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా, పార్లమెంటు తెలంగాణను ఏర్పాటు చెయ్యగలిగింది. అమెరికాలో నాలుగో అధికరణం ప్రకారం ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోకుండా రాష్ట్రాన్ని చీల్చడానికి లేదు. అంతర్యుద్ధంలో వర్జీనియా ఎదురు తిరిగి పోరాడుతున్నప్పుడు కూడా, యూనియన్ (కేంద్రం) పక్షాన వీలింగ్‌లో ఏర్పడ్డ వేరే వర్జీనియా శాసనసభతో సమ్మతి ఇప్పించుకున్నాకే 1863లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రమైంది.

ఇక మొదటి ప్రశ్న. ఇప్పటి రాజ్యాంగానికి ముందు రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న ఒప్పందం, 1781 నాటి ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్‌లో రెండో ఆర్టికల్ తీసి, పక్కన 1791 నాటి పదో సవరణ పెట్టుకో. పాతదాంట్లో 'ఎక్స్‌ప్రెస్లీ' అన్న మాట ఉంటుంది, అంటే కేంద్రానికి విడమరిచి అప్పగించినవి తప్ప తక్కినవన్నీ రాష్ట్రాలవే అని. కొత్తదాంట్లో ఆ మాట లేదు. మేరీలాండ్ రాష్ట్రం 1818లో కేంద్రం పెట్టిన బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ బాల్టిమోర్ శాఖ మీద పన్ను వేసింది. నోట్లకు స్టాంపు కాగితం వాడాలి, లేదంటే ఏడాదికి 15,000 డాలర్లు కట్టాలి. 1819లో మెక్‌కల్లక్ వర్సెస్ మేరీలాండ్ తీర్పు రాస్తూ చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ సరిగ్గా ఆ లేని మాటనే ఎత్తి చూపాడు. బ్యాంకు అన్న పదం రాజ్యాంగంలో లేకపోయినా కేంద్రం బ్యాంకు పెట్టుకోవచ్చు, రాష్ట్రం దాని మీద పన్ను వెయ్యడానికి లేదు అన్నాడు. చాలామంది పదో సవరణను ఆ పాత మాట ఇంకా ఉన్నట్టే చదివేస్తారు. నువ్వు రెండు వాక్యాలూ యథాతథంగా పేపర్లో పెట్టు.

రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని నియంత్రించే అధికారం కాంగ్రెస్‌కి ఇచ్చే వాణిజ్య క్లాజుకి ఒక్క కేసు పూర్తిగా చెప్తే చాలు. ఒహాయో రైతు రాస్కో ఫిల్‌బర్న్‌కి 1941 పంటకు కేంద్ర చట్టం కింద 11.1 ఎకరాల గోధుమ కోటా ఇస్తే 23 ఎకరాలు వేశాడు. అదనంగా పండింది 239 బుషెళ్ళు (బుషెల్ అంటే ధాన్యం కొలత). బుషెల్‌కి 49 సెంట్ల చొప్పున 117 డాలర్ల 11 సెంట్లు జరిమానా. ఆ గోధుమలు చాలావరకు తన పశువులకీ, ఇంటికీ, విత్తనానికీ కదా, ఇందులో రాష్ట్రాల మధ్య వ్యాపారం ఎక్కడుంది అన్నది అతని వాదన. అలాంటి రైతులందరినీ కలిపి లెక్కేస్తే దేశమంతటా గోధుమ ధర మీద ప్రభావం పడుతుందని 1942లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. 1918లో బాల కార్మికుల చట్టాన్ని కొట్టేసినప్పుడూ ఈ క్లాజు ఇదే. అక్షరం మారలేదు. మధ్యలో మహామాంద్యం వచ్చిపోయింది, 1937లో కోర్టు దారి మార్చుకుని ఈ క్లాజును విశాలంగా చదవడం మొదలుపెట్టింది. మళ్ళీ ఈ క్లాజుకి హద్దు గీసింది 1995లో, బడుల దగ్గర తుపాకులను నిషేధించిన కేంద్ర చట్టాన్ని కొట్టేసిన లోపెజ్ కేసులో.

డబ్బు సంగతి చాలా పేపర్లలో ఒక పేరాతో తేలిపోతుంది. నువ్వు మాత్రం దానికి ఎక్కువ చోటివ్వు. ఆర్టికల్స్ కింద కాంగ్రెస్‌కి పన్ను వేసే అధికారమే లేదు. దిగుమతుల మీద 5 శాతం సుంకం అడిగితే 1782లో రోడ్ ఐలండ్ కాదంది. 1913లో 16వ సవరణతో ఆదాయపు పన్నుకు అడ్డు తొలగింది. అక్కణ్ణించి కేంద్రానికి ఆజ్ఞాపించడం కంటే నిధులకు షరతు పెట్టడమే సులువైంది. మద్యం కొనే వయసు 21కి పెంచని రాష్ట్రానికి హైవే నిధుల్లో 5 శాతం ఆపుతామన్నారు. 1987లో సౌత్ డకోటా కేసులో కోర్టు దాన్ని సమర్థించింది. ఆ మొత్తం ఆ రాష్ట్ర బడ్జెట్‌లో అర శాతం కూడా లేదు. 2012లో మెడికెయిడ్ (పేదలకు కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే ఆరోగ్య బీమా) విస్తరించని రాష్ట్రానికి పాత మెడికెయిడ్ నిధులు కూడా పోతాయన్నప్పుడు, అది బడ్జెట్‌లో 10 శాతం పైమాటే కాబట్టి బలవంతమేనని తేల్చింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టు.

మూడో ప్రశ్నకి ఆర్కన్సా రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్ చూడు. చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇవ్వాలని రాష్ట్రాలకు చెప్పే 14వ సవరణ 1868 నుంచీ ఉంది. 1877లో దక్షిణాదిలో కేంద్ర సైన్యం బ్యారక్‌లకు వెళ్ళిపోయాక దాన్ని నల్లవాళ్ళ కోసం నిలబెట్టేవాళ్ళు లేకపోయారు. ఆ దశాబ్దాలు ఎంతమంది జీవితాలను తినేశాయో మరిచి ఈ చరిత్ర రాయకూడదు. 1957 సెప్టెంబర్‌లో సెంట్రల్ హైస్కూలు దగ్గర తొమ్మిదిమంది నల్లజాతి పిల్లల్ని గవర్నర్ ఆదేశంతో ఆపింది ఆ రాష్ట్ర సైనిక దళం, ఆర్కన్సా నేషనల్ గార్డ్. అదే నెల 24న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ గార్డ్‌ను తన అధీనంలోకి తీసుకుని, 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికుల్ని దింపాడు. గార్డ్ అదే, ఆదేశమిచ్చే చెయ్యి మారింది.

అందరూ జారిపడే చోటొకటి ఉంది. 'రాష్ట్రాల హక్కులు' అన్న నినాదాన్ని దక్షిణాదికి రాసిచ్చెయ్యకు. 1832లో కేంద్రం వేసిన దిగుమతి సుంకం తమ రాష్ట్రంలో చెల్లదన్నది దక్షిణాది సౌత్ కరోలినా, నిజమే. కానీ 1850 నాటి ఫ్యుజిటివ్ స్లేవ్ చట్టంతో పారిపోయిన బానిసల్ని పట్టివ్వమని కేంద్ర బలాన్ని కోరుకున్నది బానిసల యజమానులే. కాదని రాష్ట్ర అధికారం పట్టుకుని నిలబడింది ఉత్తరాది రాష్ట్రం విస్కాన్సిన్. కాబట్టి ఎవరు ఏ పక్షమో రాసేటప్పుడు దేనికోసమో కూడా అదే వాక్యంలో రాయాలి.

పన్నెండు పేజీలైతే 1787కి ముందు ఒక పేజీ, డబ్బుకి నాలుగు, అంతర్యుద్ధం నుంచి లిటిల్ రాక్ దాకా నాలుగు, మిగతావి తీర్పులకి. తీర్పు చదివేటప్పుడు ముందు వాస్తవాలు, తర్వాత మెజారిటీ, ఆ తర్వాత భిన్నాభిప్రాయం చదువు. ఒక్కో కేసుకి సగం పేజీ మించకుండా నోట్సు రాసుకో. మొదటి ముసాయిదాలో డబ్బు భాగం ముందు పంపు, అంకెలు సరిచూసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మామయ్య