పోయినేడు వెళ్లొచ్చినవాళ్లని అడక్కండి

ప్రశ్న: వేసవి సెలవుల్లో పిల్లలతో, అత్తమామలతో మొదటిసారి థాయ్‌లాండ్ వెళ్తున్నాం. రూల్స్ మారిపోతున్నాయని అంటున్నారు. ముందు నుంచి ఎలా సిద్ధమవ్వాలి?

ముందుగా చెయ్యాల్సింది, ఇదివరకే వెళ్లొచ్చిన చుట్టాలని సలహా అడగడం మానెయ్యడం. ఏజెంట్లు, యూట్యూబ్ వాళ్లు అయినా కొంత నయం, వాళ్లని మనం సగమే నమ్ముతాం. చుట్టాలు అబద్ధం చెప్పరు. వాళ్లు వెళ్లినప్పుడు నిజంగానే అలా జరిగింది కాబట్టి ధీమాగా చెప్తారు, మనం పూర్తిగా నమ్మేస్తాం.

మా బావగారు 2024లో బ్యాంకాక్, పట్టాయా చూసొచ్చారు. అప్పట్నుంచి మా ఇంట్లో థాయ్‌లాండ్ ఆయన శాఖ. 2025 దసరా సెలవులకి రెండు కుటుంబాలూ కలిసి బయల్దేరాం. "మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు పెట్టారు బావగారూ, పిల్లలతో సహా ఒక్కొక్కరికీ ముందే ఆన్‌లైన్లో నింపాలి" అన్నాను. "ప్రతిదానికీ టెన్షన్ పడతావోయ్ నువ్వు. వీసానే అక్కర్లేదంటుంటే మళ్లీ కార్డేంటి? పాస్‌పోర్ట్ ఇస్తాం, స్టాంపు కొడతాడు, అంతే" అన్నారాయన. మావీ, అమ్మదీ నేను నింపేశాను. వాళ్లవి కూడా నింపుతానంటే, పాస్‌పోర్టులు పెట్టెలో అడుక్కి సర్దేశాం, ఇప్పుడెవరు తీస్తారన్నారు.

శంషాబాద్‌లో అర్ధరాత్రి చెక్-ఇన్ క్యూ. కౌంటర్లో అమ్మాయి "అరైవల్ కార్డు క్యూఆర్ కోడ్ చూపించండి సార్, అందరిదీ" అంది. బావగారు పాస్‌పోర్టులనే ఇంకొంచెం ముందుకి తోశారు. ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. "లాస్ట్ టైమ్ ఎవరూ అడగలేదే!" అన్నారు. ఆ మాట ఆ రాత్రి ఎంతమంది నోట వినుంటుందో, మొహంలో విసుగు కూడా లేదు. "పక్కకెళ్లి నింపుకుని రండి సార్" అంది.

స్తంభం పక్కన ట్రాలీలు ఆపి మొదలుపెట్టారు. అక్క పాస్‌పోర్టు నంబర్లు చదువుతుంటే మేనల్లుడు ఫోన్లో కొడుతున్నాడు. వెతగ్గానే పైన వచ్చిన సైటు తెరిచాడు. థాయ్ జెండా, బంగారు గుడి గోపురం, అంతా సర్కారు సైటులాగే ఉంది, చివర మనిషికింత అని డబ్బులు అడుగుతోంది. వాడు అప్పటికే కార్డు నంబరు కొట్టేస్తుంటే నేను ఫోన్ లాక్కున్నాను. అసలు ఆ కార్డుకి పైసా కట్టక్కర్లేదు. థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ల సైటు చిరునామా చివర 'డాట్ జీవో డాట్ టీహెచ్' అని ఉంటుంది, అది చూసుకోండి చాలు. తర్వాత హోటల్ అడ్రస్ అడిగింది. ఆ బుకింగ్ కాయితం బావగారి ఆఫీసు మెయిల్లో ఉంది, ఆ మెయిలు ఆయన లాప్‌టాప్‌లో తప్ప తెరుచుకోదు. గత రెండు వారాల్లో ఏయే దేశాల్లో ఉన్నారు అన్న ప్రశ్నకి ఆయన "మియాపూర్ దాటలేదని రాయరా" అని కసిరారు. రెండో పాస్‌పోర్టు అయ్యేసరికి అక్క ఆయనతో మాట్లాడటం మానేసింది. కౌంటర్ మూసే వేళకి ఎలాగో లగేజీ వేశారు.

బ్యాంకాక్‌లో దిగాక ఆఫీసరు పాస్‌పోర్ట్ చూసి స్టాంపు కొట్టాడు. బావగారు నావైపు తిరిగి, "చూశావా, స్టాంపే!" అన్నారు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మిమ్మల్ని ఆ దేశం రానిస్తుందా లేదా అన్నది మొదట తేలేది శంషాబాద్ కౌంటర్ దగ్గరే. సరైన కాయితాలు లేనివాళ్లని తీసుకెళ్తే చాలా దేశాలు ఎయిర్‌లైన్‌కి జరిమానా వేస్తాయి, వెనక్కి తీసుకెళ్లే బాధ్యత కూడా వాళ్లమీదే పెడతాయి. అందుకని వాళ్లు, ఏ దేశానికి ఏ కాయితాలు కావాలో ఉండే టిమాటిక్ అనే డేటాబేస్‌లో ఏముందో అదే చూస్తారు. అది అయాటా అనే విమాన కంపెనీల సంఘం వాళ్లది. పోయినసారి అడగలేదని అక్కడ వాదించి లాభం లేదు.

థాయ్‌లాండ్ సంగతే చూడండి. 2023 నవంబరులో మనకి 30 రోజులకి వీసా తీసేశారు. 2024 జూలైలో దాన్ని 60 రోజులు చేశారు. 2025లో మళ్లీ తగ్గిద్దామని అక్కడే మాటలు నడిచాయి. కాబట్టి టికెట్లు కొనేముందు ఒకసారి, బయల్దేరేముందు ఇంకోసారి మీరే అధికారిక సైటులో చూసుకోవాలి. అరైవల్ కార్డు దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచే తీసుకుంటారు. సింగపూర్, మలేషియాలకీ అంతే. నెల ముందే అన్నీ ముగించి నిశ్చింతగా కూర్చోవాలనుకునే మా అమ్మలాంటివాళ్లకి ఇది పెద్ద బాధ. ప్యాకేజీ అమ్మిన ఏజెంటు అన్నీ మేమే చూసుకుంటామన్నా, ఆ క్యూఆర్ కోడ్లు మీ ఫోన్లోకి వచ్చేదాకా వదలకండి.

పవర్ బ్యాంకుల గోల ఇంకోటి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బూసాన్‌లో, ఎగరబోతున్న విమానం తగలబడింది. పవర్ బ్యాంకే కారణమై ఉంటుందని అక్కడి దర్యాప్తువాళ్లు అన్నారు. ఆ తర్వాత కొన్ని నెలల్లోనే థాయ్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో వాటిని వాడొద్దన్నాయి. అక్టోబరు నుంచి ఎమిరేట్స్ మనిషికి ఒకటే అంది. చెక్-ఇన్ పెట్టెలో ఎలాగూ కుదరదు, చేతి సంచిలోనే ఉండాలి, సాధారణంగా 100 వాట్-అవర్స్ (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) లోపు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 అవుతుంది, ఇబ్బంది లేదు. కానీ చవగ్గా కొన్న వాటిమీద ఆ అంకె ఏడాదికే చెరిగిపోతుంది. చదవడానికి లేకపోతే లాగేసుకుంటారు. కంపెనీలు దాన్ని కాస్త చెరగని సిరాతో ముద్రించొచ్చు కదా?

పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి ఎండుకొబ్బరి కూడా చెప్పాలి. పూర్తి చిప్పలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు, నూనె ఎక్కువ కాబట్టి నిప్పు అంటుకుంటుందని. మా అమ్మ పెట్టెలోంచి నేనే తీసేశాను. థాయ్‌లాండ్‌కి కొబ్బరి మోసుకెళ్లడం ఏమిటమ్మా అంటే, అక్కడి కొబ్బరి తియ్యగా ఉంటుందంది.

మీ అత్తమామల పాస్‌పోర్టులు ఇవాళే తీసి చూడండి. గడువు ప్రయాణం నాటికి ఆరు నెలలైనా మిగలాలి. పేరు గడులు కూడా చూడండి. మన పాతతరం ఆడవాళ్లకి చాలామందికి సత్యవతి, నాగమ్మ అని ఒక్క మాటే ఉండి సర్‌నేమ్ ఖాళీగా ఉంటుంది. 2022 నవంబరులో యూఏఈ, ఇలా ఒకే పేరున్నవాళ్లు టూరిస్ట్ వీసా మీద రాకూడదంది. పాస్‌పోర్ట్ చివరి పేజీలో తండ్రి పేరుంటే ఒప్పుకుంటామని తర్వాత సర్దింది. మీరు దుబాయ్ వెళ్లడం లేదు కానీ, ఎక్కడికెళ్లినా టికెట్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అని బుక్ చేసేటప్పుడే ఎయిర్‌లైన్‌ని అడగండి, టికెట్ కొట్టాక పేరు మార్చాలంటే డబ్బులు గుంజుతారు.