ఫ్యాక్టరీ తూటా విప్పి మందు తూచి, అంతే పోస్తే సరిపోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: .308 సైజు బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించే) రైఫిల్‌లో 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న తూకపు కొలత) బుల్లెట్, అంటే దూసుకెళ్లే కొస ముక్క, ఉన్న మ్యాచ్ (గురి పోటీలకు చేసిన) తూటాలు మీకు బాగా పడుతున్నాయి. సొంతంగా నింపుకునే తూటాలకూ అదే వేగం, అదే గురి కావాలి. అందుకని ఒక ఫ్యాక్టరీ తూటా విప్పి లోపలి మందు తూచారు. అది మీ దగ్గరున్న పౌడర్‌లాగే కనిపించింది. అదే బరువు పోయొచ్చా అని.

వద్దండీ. మిగతా అన్నిటిలో తలో అభిప్రాయం ఉండొచ్చు గానీ ఇందులో రెండో మాట లేదు. ఫ్యాక్టరీ వాళ్లు పెద్ద ఎత్తున కొనే పౌడర్, మనకు డబ్బాల్లో దొరికే పౌడర్ ఒకటి కాదు. డబ్బాల్లో అమ్మేదాన్ని ఏ లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) తీసుకున్నా దాదాపు ఒకేలా మండేట్టు కలిపి సరిచేస్తారు. తూటాలు నింపే మాన్యువల్‌లో అచ్చేసిన అంకెలు నమ్మదగినవి కావడానికి కారణం అదే. ఫ్యాక్టరీకి ఆ అవసరం లేదు. వచ్చిన లాట్‌ను ప్రెజర్ బ్యారెల్‌లో (ఒత్తిడి కొలిచే పరీక్ష గొట్టంలో) పరీక్షించి, అనుకున్న వేగానికి ఎంత పడుతుందో చూసి బరువు మార్చుకుంటారు. గింజ ఆకారం, రంగు ఒకేలా ఉన్నంత మాత్రాన మండే వేగం ఒకటే అనుకోకూడదు. .308కి సామీ (SAAMI, అమెరికాలో తుపాకులు, తూటాల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణం ప్రకారం గరిష్ఠ సగటు ప్రెజర్ 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అంత ఒత్తిడి ముఖానికి జానెడు దూరంలో పుడుతుంటే అందాజా లెక్కలు పనికిరావు.

కాబట్టి ఫ్యాక్టరీ వాళ్ల పాళ్లు కాపీ కొట్టకుండా, వాళ్ల ఫలితాన్ని అందుకోండి. ఆ ఫలితం ఏమిటో ముందు మీ రైఫిల్‌లోనే కొలవాలి. నేను మొదట్లో ఇక్కడే పప్పులో కాలేశాను. డబ్బా మీద సెకనుకు 2,650 అడుగులు అని ఉంది. నా తూటాలు 2,570 దాటడం లేదు. ఏదో తక్కువైందని తెగ టెన్షన్ పడ్డాను. చివరికి అవే ఫ్యాక్టరీ తూటాలను క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ముందు పేలిస్తే సగటు 2,565 వచ్చింది! డబ్బా మీది అంకె మామూలుగా 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌ది. నాది 20 అంగుళాలు. .308లో అంగుళం తగ్గితే ఇంచుమించు 20 నుంచి 25 అడుగులు పోతాయి. అంటే నేను అప్పటికే ఫ్యాక్టరీకి సమానంగా ఉండి, ఇంకా ఎక్కించాలని చూస్తున్నానన్నమాట.

క్రోనోగ్రాఫ్ లేకపోతే ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి. ఫ్యాక్టరీవి కనీసం 20 పేల్చి సగటు రాసుకోండి. ఐదు పేల్చి తేడా తక్కువ వచ్చిందని మురిసిపోవద్దు, ఐదింటికి ఏదైనా రావచ్చు. తర్వాత మాన్యువల్‌లో మీ బుల్లెట్‌కు, మీ పౌడర్‌కు ఇచ్చిన మొదటి బరువుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ కొలవండి. ఫ్యాక్టరీ సగటు రాగానే ఆపేయండి. మాన్యువల్ గరిష్ఠానికి వచ్చినా ఆ వేగం రాలేదంటే పౌడర్ మార్చాలి గానీ గీత దాటకూడదు. గరిష్ఠానికి చాలా ముందే వేగం వచ్చేసినా అనుమానించాల్సిందే, ఎందుకంటే ఊరికే వేగం రాదు, ప్రెజర్ పెరిగితేనే వస్తుంది. బోల్ట్ బిగుసుకోవడం, ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) చదునవడం లాంటి గుర్తులు కనిపించేసరికే ఆలస్యమై ఉండొచ్చు. కేస్ (మందు పోసే ఇత్తడి గొట్టం), ప్రైమర్, బుల్లెట్, పౌడర్ లాట్... వీటిలో ఏది మారినా మళ్లీ కింది నుంచే రావాలి. మిలిటరీ కేసుల గోడలు తరచుగా మందంగా ఉంటాయి, లోపల చోటు తగ్గి అదే మందుకు ప్రెజర్ పెరుగుతుంది.

వేగం కుదిరాక నిలకడ. దీనికి పౌడర్ కన్నా తూచే పద్ధతే ముఖ్యమని ఒక సాయంత్రం నాకు తెలిసొచ్చింది. అంతకుముందు వారం దాకా బుద్ధిగా ఉన్న తూటాలు ఒక్కసారిగా వేగంలో సెకనుకు 60 అడుగుల తేడా చూపించాయి. ప్రైమర్లను తిట్టుకున్నాను, మందు పాడైందనుకున్నాను. ఇంటికొచ్చి డిజిటల్ త్రాసు పెట్టి, గిన్నె పైకి తీశాను. గిన్నె తీస్తే తెరమీద మైనస్‌లో దాని బరువు కనిపిస్తుంది కదా, ఆ అంకె నాకు కంఠతా వచ్చు. ఆ రోజు 0.3 గ్రెయిన్ తేడాగా ఉంది. మళ్లీ పెట్టి తీస్తే ఇంకో అంకె. తలెత్తి చూస్తే పైన ఫ్యాన్ తిరుగుతోంది! ఉక్కగా ఉందని వేసింది నేనే. మిగిలిన 30 తూటాలను సుత్తిలాంటి పుల్లర్‌లో (బుల్లెట్ ఊడదీసే పనిముట్టులో) పెట్టి, ఒక్కొక్కటిగా కొట్టి విప్పాను. రెక్కలు పడిపోయాయి. అప్పటి నుంచి ప్రతి పది తూటాలకు ఒకసారి తూకపు రాయి పెట్టి చూస్తాను, బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బాకు మించి ఉంచను.

సైజింగ్‌లో (పేలిన కేస్‌ను అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తేవడంలో) కేస్ భుజాన్ని, అంటే మెడ కింది వాలును, వెనక్కి మరీ నెట్టేయొద్దు. మీ రైఫిల్‌లో పేలిన కేస్‌తో పోల్చి అంగుళంలో వెయ్యింట రెండు వంతులు నెడితే బోల్ట్ యాక్షన్‌కు చాలు. ఎక్కువ నెడితే నాలుగైదు సార్లకే కేస్ అడుగుభాగం దగ్గర పగుళ్లు మొదలవుతాయి. కేస్ పొడవు 2.015 అంగుళాలు దాటితే కత్తిరించాలి. తూటా మొత్తం పొడవు మ్యాగజైన్‌కు సరిపోయేలా 2.800 అంగుళాల్లో ఉండాలి. కానీ మ్యాచ్ బుల్లెట్ల కొసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి, కొస నుంచి కాకుండా కంపారేటర్‌తో (కాలిపర్‌కు తగిలించే కొలత సాధనంతో) వంపు దగ్గర కొలిచి తూటాలన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ప్రైమర్ పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) శుభ్రం చేయడం, కేసులను బరువుల వారీగా విడదీయడం నేనూ చేశాను. 100 గజాల్లో నాకైతే తేడా ఏమీ కనిపించలేదు.

ఇంకొక్కటి. వేగం అచ్చంగా కలిసినా రెండు రకాల తూటాలు ఒకే చోట పడతాయన్న హామీ లేదు. ఒకే రోజు, ఒక ఫ్యాక్టరీది, ఒక మనది చొప్పున మార్చి మార్చి పదేసి పేల్చి చూడండి. నావి గ్రూప్ సైజులో (గుళ్లు పడిన చోట్ల మధ్య దూరంలో) సమానంగానే వచ్చాయి, కానీ అంగుళం ఎడమకు పడ్డాయి. దాన్ని సరిచేయాలని రెండు నెలలు బుల్లెట్ లోతు మారుస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నా తూటాల డబ్బా మూత మీద 'కుడికి 4 క్లిక్కులు' (స్కోప్‌ను తిప్పే లెక్క) అని మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను.